పిక్కంత పని

సంక్రాంతి వస్తోందంటే మా ఇంట్లో అటక మీది ట్రంకుపెట్టెలు కిందికి దిగుతాయి. దింపుతూ మావారు ఏటేటా అనే మాట ఒకటే: "ఈ బొమ్మలకి ఉన్నంత చోటు ఈ ఇంట్లో నాకు లేదు." ఆ మాట కూడా అయ్యాక కొలువు అమరుతుంది. ఐదు మెట్లు. పై మెట్టు దేవుళ్ళది. రెండో మెట్టు మీద కొండపల్లి దశావతారాలు, మూడో మెట్టు మీద ఏటికొప్పాక లక్క పిడతలు, నాలుగో మెట్టు మీద మేళతాళాలతో సహా పెళ్ళివారు. కింది మెట్టు పిల్లల ఆటబొమ్మలది. ఆ కింది మెట్టు మీదే, ఒక వారగా, వక్కపొడి డబ్బా మూతలో దూది పరిచి ఓ డజను చిన్న వస్తువులు పెడతాను. బుట్ట ఒకటి, తాబేలు ఒకటి, నిద్రపోతున్న పిల్లి, కుంకుమ భరిణె... అన్నీ కలిపి గుప్పెట్లో పడతాయి. అన్నీ పండ్ల పిక్కలతో చెక్కినవి. చెక్కింది మా నాన్నగారి అక్కగారు, మా మేనత్త.

ఈ ఏడు నాకో సరదా పుట్టింది. మ్యూజియంలో లాగా బొమ్మల ముందు చీటీలు పెట్టాను. "కొండపల్లి, పొణికి కర్ర", "ఏటికొప్పాక, అంకుడు కర్ర మీద లక్క" అంటూ గుండ్రటి అక్షరాలతో రాసి నిలబెట్టాను. పేరంటానికి వచ్చిన వాళ్ళంతా మెచ్చుకున్నారు. ఒకావిడ కిందికి వంగి, దూది మీది పిల్లిని చూసి, "అబ్బ, ఎంత ముద్దొస్తోందో! ఎక్కడ కొన్నారండీ?" అంది.

"కొన్నది కాదండీ, మా మేనత్త చేసింది. ఊరికే కూచోలేదు పాపం, ఏదో ఒకటి చెక్కుతూ ఉంటుంది" అన్నాను.

కింది వాటా వాళ్ళమ్మాయి, డిగ్రీ చదువుతున్న పిల్ల, పక్కనే ఉంది. "అన్నిటికీ చీటీలు పెట్టారు, వీటికి లేదేం ఆంటీ?" అంది.

"అవి మనింట్లోవే కదమ్మా" అన్నాను.

అన్నాక నాకే ఎలాగో అయింది. గదిలో ఓ మూల కూచుని అత్తయ్య శనగలు పొట్లాలు కడుతోంది. ఆవిడకి ఎనభై దాటాయి. వినపడి ఉండదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నలుగురు రాసిన కథల మీదా నవలల మీదా అడపాదడపా నాలుగు మాటలు రాసే అలవాటున్న దాన్ని. మూడు వందల పేజీల నవలలో ఏ పాత్ర ఎందుకు అలా అన్నదో రెండు రోజులు ఆలోచించి మరీ రాస్తాను. అలాంటిది మా ఇంట్లో మనిషి ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పనిని "ఊరికే కూచోలేక" అన్న రెండు మాటల్లో తేల్చేశాను. ఇది విమర్శా? ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ నాలుగు పేజీలూ. ఏ నవలకి తీసిపోని శ్రద్ధతో ఈసారి పిక్కల సంగతి చూద్దామని కూచున్నాను.

పిక్కలతో మనకి చుట్టరికం కొత్తది కాదు. చింతపిక్కలు ఒక పక్క తెల్లగా అరగదీసి పాచికలుగా వేసుకోని వాళ్ళెవరు? మొలకెత్తిన మామిడి టెంకలోంచి జీడి తీసి, రాతి మీద రుద్ది, పీపీ ఊది పెద్దవాళ్ళ చేత తిట్లు తినని వాళ్ళెవరు? అయితే చాకు పెట్టి బొమ్మ చెక్కడానికి మామిడి టెంక పనికిరాదు. ఒళ్ళంతా పీచు, చాకు పెడితే పోగులు లేస్తుంది తప్ప రూపు నిలవదు. గమ్మత్తేమిటంటే, ఈ పనికి ప్రపంచంలో అందరూ ఏరుకున్నది పీచ్ పండు టెంక. పేరులోనే పీచు గానీ, టెంక మటుకు రాయిలాంటిది. ఒళ్ళంతా లోతైన గాట్లు, గుంటలు, ముడతలు. అమెరికా పల్లెటూళ్ళలో జేబుచాకు పెట్టుకు తిరిగే వాళ్ళు వాటితో చిన్న బుట్టలూ కోతులూ చెక్కేవారు. చైనాలో అలాంటి బుట్టలే చెక్కి, దిష్టి తగలకుండా పిల్లలకి కట్టేవారు, మనం మొలతాడుకి తాయెత్తు కట్టినట్టు.

మా అత్తయ్యకి పీచ్ టెంకలు ఎక్కడ దొరుకుతాయి? ఆవిడ విద్యకి దారి చూపింది హైదరాబాదు వంటిల్లు. ఇక్కడి పెళ్ళిళ్ళలో ఖుబానీ కా మీఠా తిననివారుండరు. ఎండు ఖుబానీలు, అంటే ఎండబెట్టిన ఆప్రికాట్లు, రాత్రి నానబోసి, పొద్దున్నే పిక్కలు తీసి, గుజ్జు పంచదారతో ఉడకబెడతాం. పిక్కలు పగలగొట్టి లోపలి బాదం లాంటి పప్పు పైన అలంకరిస్తాం. మేము పిక్కలన్నీ రోట్లో వేసి చితగ్గొడుతుంటే, అత్తయ్య వచ్చి అందులోంచి ఓ ఐదారు ఏరుకుపోయేది. పగిలినా, పగుళ్ళిచ్చినా పనికిరావు. వాటిని పది రోజులు నీడన ఆరబెడుతుంది. ఆ తర్వాత రెండు రోజులు ఊరికే చేతిలో పెట్టుకు తిప్పుతుంది. ఈ తిప్పడమే మేము చూసి, "అత్తయ్యకి తోచడం లేదు" అనుకునేవాళ్ళం. ఇప్పుడు తెలుస్తోంది, సగం పని అందులోనే అయిపోయేదని.

చాకు మా మామయ్యది. ఆయన పోయి చాలా కాలమైంది. పెన్సిళ్ళు చెక్కుకునే మడతచాకు; సానపట్టి సానపట్టి అలుగు సగానికి అరిగింది. పిక్కని పాత చీర పేలికలో చుట్టి, చెక్కాల్సిన చోటు మాత్రమే బయటికి ఉంచి, ఎడమచేతి వేళ్ళ మధ్య బిగించి పట్టుకుంటుంది. గట్టిగా కొయ్యబోతే చాకు జారి వేలు తెగుతుంది. అందుకని కొయ్యదు, గీరుతుంది. బియ్యపు గింజలో పదో వంతంత పొడి రాలుతుంది. మళ్ళీ గీరుతుంది. బుట్ట చెయ్యాలంటే ముందు డబ్బనంతో రెండు పక్కలా బెజ్జం పెట్టి, ఆ బెజ్జాన్ని కొంచెం కొంచెంగా పెద్దది చేస్తూ, నడుమ సన్నటి బద్ద ఒకటి పిడిగా మిగుల్చుకోవాలి. లోపలి పప్పుని పిన్నీసుతో పొడిపొడిగా బయటికి లాగాలి. ఒక్కో బుట్టకి ఐదారు మధ్యాహ్నాలు. ఐదో మధ్యాహ్నం, అంతా అయింది, ఇక నూనె గుడ్డతో తుడవడమే అనుకునేటప్పుడు పిడి టప్పున విరుగుతుంది. "పోన్లే" అని పారేసి ఇంకో పిక్క తీసుకుంటుంది. ఎన్ని విరిగాయో మేము లెక్క పెట్టలేదు. మిగిలినవి మాత్రం లెక్కపెట్టి, డజనేనా అనుకున్నాం.

లెక్క అన్నాను గనక చెప్తాను. ఈ చిన్న పనులకి పట్టిన మొదటి దిష్టి లెక్కే. జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో, సాక్సనీ రాజుల రత్నాలూ వింత వస్తువులూ దాచిన గ్రీన్ వాల్ట్ అని ఒక మ్యూజియం ఉంది. అందులో ఒక చెర్రీ పిక్క ఉంది. 1589 నాటికే రాజుగారి ఖజానాకి చేరింది. దాని పేరు "185 ముఖాల చెర్రీ పిక్క". శనగగింజకి కాస్త పెద్దది. దాని మీద 185 మంది మొహాలు చెక్కారని ప్రసిద్ధి. తరవాతి కాలంలో బాగా పెద్దది చేసి చూసి లెక్కపెడితే 113 తేలాయట. అయినా పేరు మాత్రం 185 గానే నిలిచింది. నాకు ఆ శిల్పి మీద కోపం లేదు. చెర్రీ పిక్క మీద ఒక్క మొహం చెక్కడమే గగనం. కానీ ఆ వస్తువు గురించి ఎక్కడ చదివినా అందులో ఒక్క మొహం ఎలా ఉందో ఎవరూ చెప్పరు. ఎవరన్నా నవ్వుతున్నారా, ముసలివాళ్ళెవరు, పడుచువాళ్ళెవరు? ఊహూఁ. ఎన్ని అన్నదే మాట. చూడ్డం మానేసి లెక్కపెట్టించే శిల్పానికి గొప్ప నైపుణ్యం ఉండవచ్చు. నా మటుకు నాకు దాన్ని కళ అనడానికి నోరు రాదు.

మనమేం తక్కువ తిన్నామా! రుద్రాక్ష ఏమిటి? అదీ ఒక పండు పిక్కే. నీలం రంగు పండులోంచి గుజ్జు తీసేస్తే మిగిలే టెంక. దాని ఒంటి మీది ముడతలూ గాళ్ళూ ప్రకృతి చెక్కినవి. ఎంత అందంగా ఉంటుందో ఎప్పుడన్నా దండలోంచి ఒక్కటి విడదీసి చూశారా? చూడం. ఎన్ని ముఖాలు, ఏకముఖా పంచముఖా అని అడుగుతాం. ముఖాలని బట్టి వెల. ఆ వెల కోసం చాకు పెట్టి లేని గాడి గీసి ముఖాలు పెంచి అమ్మే ఘనులూ ఉన్నారు. చెక్కని పిక్కని పూజిస్తాం, చెక్కినదాన్ని మోసం అంటాం. రెండిట్లోనూ చూసేది మాత్రం అంకెనే.

ఇక చూడ్డం తెలిసినవాడి మాట చెప్తాను. చైనాలో మింగ్ రాజుల కాలంలో వెయ్ ష్యూయీ అని ఒక రచయిత ఉండేవాడు. వాంగ్ షూయువాన్ అనే శిల్పి ఆయనకి పీచ్ టెంకతో చెక్కిన ఒక పడవని బహుమతిగా ఇచ్చాడు. దాని మీద చెక్కిన తేదీ 1622 శరదృతువు. ఆ పడవని వర్ణిస్తూ వెయ్ ష్యూయీ ఒక చిన్న వ్యాసం రాశాడు. చైనాలో బడిపిల్లలు దాన్ని ఈనాటికీ పాఠంగా చదువుకుంటారు. నేను అనువాదంలో చదివాను. విమర్శ రాసేవాళ్ళు గోడకి అంటించుకోవాల్సిన వ్యాసం.

పడవ పొడవు సుమారు అంగుళం. అందులో ఉన్నది సూ దోంగ్‌పో అనే మహాకవి. 1082లో ఆయన ప్రవాసంలో ఉండగా స్నేహితులతో పడవెక్కి ఎర్రకొండ దగ్గర నదిలో విహరించి, రెండు ప్రసిద్ధ రచనలు చేశాడు. ఆ విహారమే ఈ టెంక మీది కథ. వ్యాసంలో ఏముందనుకున్నారు? నడుమ కూచున్న కవీ, ఆయన స్నేహితుడూ ఒకే కాగితపు చుట్టని చెరో కొసా పట్టుకుని చూస్తున్నారు. కవి ఒక చెయ్యి స్నేహితుడి వీపు మీద వేశాడు. స్నేహితుడు చుట్టలో ఏదో చూపిస్తూ మాట్లాడుతున్నట్టున్నాడు. పక్కనున్న బౌద్ధ సన్యాసి రొమ్ము మీది బట్ట జారవిడిచి, తల పైకెత్తి, వీళ్ళిద్దరి గొడవ తనకి పట్టనట్టు ఎటో చూస్తున్నాడు. ఇవతల ఇద్దరు పడవవాళ్ళు. ఒకడు కాలి బొటనవేలు చేత్తో పట్టుకుని ఏదో కేక వేస్తున్నట్టున్నాడు. రెండోవాడు విసనకర్రతో పొయ్యి దగ్గర కూచుని, కెటిల్ మీదే చూపు నిలిపి, నీళ్ళు కాగే చప్పుడు వింటున్నట్టున్నాడు.

నాకు ఇక్కడ ఒళ్ళు పులకరించింది. గొప్పవాళ్ళు కవిత్వం చూసుకుంటుంటే, టీ నీళ్ళ చప్పుడు వినే మనిషిని కూడా ఆ అంగుళంలో చెక్కాడు శిల్పి. చెక్కిన వాణ్ణి గమనించాడు రచయిత. వంటింట్లో కూచుని, ముందుగదిలో జరిగే సాహిత్యచర్చ ఓ చెవినీ, పాలు పొంగే చప్పుడు ఓ చెవినీ వినే మనకి ఆ కుర్రాడు చుట్టమే కదా!

చివర్లో వెయ్ ష్యూయీ కూడా లెక్క చెప్పాడు. మనుషులు ఐదుగురు, కిటికీలు ఎనిమిది, అక్షరాలు 34 అని పద్దు రాశాడు. కానీ ముందు ఒక్కొక్కరినీ పరిచయం చేశాక చెప్పాడు. పెళ్ళిలో బంధువులందరితో మాట్లాడాక ఎన్ని విస్తళ్ళు లేచాయో చెప్పుకోవడం వేరు, గుమ్మంలోనే తలలు లెక్కపెట్టడం వేరు. ఆయన ఇంకో మాటా అన్నాడు. వస్తువుకి ఏ రూపు పుట్టుకతో ఉందో ఆ రూపుని అనుసరించే ఈ శిల్పి బొమ్మ తీస్తాడని. ఆ పడవ కోసం సన్నగా, పొడుగ్గా ఉన్న టెంకనే ఏరుకున్నాడట. చదువుతుంటే అత్తయ్య పిక్కల్ని చేతిలో పెట్టుకు తిప్పిన రెండేసి రోజులు గుర్తొచ్చాయి.

ఆ వ్యాసకర్త ఎక్కువ కాలం బతకలేదు. 1625లో ఆయన తండ్రిని చెరసాలలో హింసించి చంపారు. తండ్రి శవపేటికని ఇంటికి చేర్చి, ఆ దుఃఖంతోనే కొడుకూ కన్నుమూశాడు. ఆ పడవని మనం చూసేది ఆయన నాలుగు పేరాల్లోనే.

కంటితో చూడదగ్గ పడవ ఒకటి తైపేలో, నేషనల్ ప్యాలెస్ మ్యూజియంలో ఉంది. 1737లో చెన్ జుజాంగ్ అనే రాజాస్థాన శిల్పి చెక్కాడు. ఈసారి పీచ్ కాదు, చైనా ఆలివ్ పిక్క. రెండు కొనలూ కోసుగా, నడుమ లావుగా, పడవ కోసమే పుట్టినట్టుంటుంది ఆ గింజ. పొడవు 3.4 సెంటీమీటర్లు, ఎత్తు 1.6. లోపల ఎనిమిది మంది. కిటికీలు తెరుచుకుంటాయి. అడుగున సూ దోంగ్‌పో రచనల్లో రెండోది, మూడు వందల పైచిలుకు అక్షరాలూ, పూర్తిగా చెక్కి ఉంది. ఫొటోలో చూశాను. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చేతిపనిలో దీన్ని మించింది ఉండదేమో. అయినా నా ఓటు పాత పడవకే. ఆ మూడు వందల అక్షరాల దగ్గర మళ్ళీ మనం "అమ్మో, ఎన్నో!" అంటాం. టీ చప్పుడు వినే కుర్రాడి దగ్గర అనం, మాటాడకుండా మనమూ వింటాం. 2008లో చైనా ప్రభుత్వం ఆలివ్ పిక్కల చెక్కడాన్ని జాతీయ వారసత్వ కళల జాబితాలో చేర్చింది. సంతోషమే. జాబితాలో చేర్చడం ఎవరైనా చేస్తారు, చూసేవాళ్ళు కావాలి.

ఇంతవరకూ మగవాళ్ళ పేర్లే చెప్పాను. ఈ విద్యలో ఇటలీ దేశానికి చెందిన ఒక ఆడమనిషి కథ ఉంది. దాని కోసమే ఈ వ్యాసం ఇంత దూరం లాక్కొచ్చాను.

బొలోన్యా నగరంలో ప్రొపర్జియా దె రోసి అని ఉండేది. 1490 ప్రాంతంలో పుట్టింది, 1530లో పోయింది. పాలరాయి ముట్టుకోవడం మగవాళ్ళ హక్కుగా ఉన్న కాలం. ఆవిడ పీచ్ టెంకల మీద చెక్కడంతో మొదలుపెట్టింది. ఒక్క టెంక మీద ఏసుక్రీస్తు శిలువ ఘట్టం అంతా, బోలెడంత మంది మనుషులతో చెక్కిందని జార్జియో వసారి రాశాడు. ఈ వసారి 1550లో ఇటలీ కళాకారుల జీవితచరిత్రలు పెద్ద గ్రంథంగా వేశాడు. ఆ మొదటి ముద్రణలో సొంత అధ్యాయం దక్కిన ఆడది ఈవిడ ఒక్కతే. ఆవిడ చేతిదేనని చెప్పే వస్తువు ఒకటి బొలోన్యా మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. వెండితీగలతో అల్లిన రెండు తలల గద్ద, దాని రెక్కల్లో పొదిగిన 11 పిక్కలు. ఒక్కో పిక్కకి ఒక వైపు క్రీస్తు శిష్యులు, రెండో వైపు పుణ్యస్త్రీలు.

టెంకల మీద చెక్కినన్నాళ్ళూ ఊరంతా మెచ్చుకుంది. ఆడవాళ్ళ వేళ్ళు సున్నితం, ఓపిక ఎక్కువ, ఎంత బుల్లి బుల్లి పని! తర్వాత ఆవిడ ఉలి పట్టుకుని పాలరాయి దగ్గరికి వెళ్ళింది. 1525 ప్రాంతంలో ఆ ఊరి పెద్ద చర్చి, సాన్ పెత్రోనియో ముఖద్వారాలకి శిల్పాలు కావాలంటే, తనకీ పని కావాలని అడిగి తీసుకుంది. బైబిల్లోని యోసేపు కథ చెక్కింది. యజమాని భార్య మోహంతో యోసేపు పైబట్ట పట్టుకుంటే, అతను వదిలించుకుని పారిపోయే ఘట్టం. మన సారంగధరుడూ చిత్రాంగీ కథ తెలిసిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఆ పాలరాతి పలక ఇప్పటికీ ఉంది. మంచం అంచు మీంచి ముందుకి వంగి బట్ట గుంజుతున్న ఆ ఆడమనిషి చేతిలో ఎంత బలముందో చూసి తీరాలి.

దానికి ఊరు ఏమన్నది? ఆవిడ ఎవరో కుర్రాణ్ణి ప్రేమించింది, అతను కాదన్నాడు, ఆ బాధే ఇలా చెక్కుకుంది అని చెప్పుకున్నారు. వసారి కూడా అదే రాశాడు. మగశిల్పి చెక్కితే బైబిల్ కథ, ఆడది చెక్కితే సొంత కథ! కథలు రాసే మన అమ్మాయిలకి ఈ జబ్బు గురించి నేను చెప్పాలా? "ఇది మీ ఇంట్లో జరిగిందేనా?" అన్న ప్రశ్న మగ రచయితని ఎందరు అడుగుతారు? అంతటితో ఆగలేదు. అమీకో అస్పెర్తీని అనే చిత్రకారుడు అసూయతో ఆవిడ మీద చెడ్డగా ప్రచారం చేశాడనీ, దాంతో ఆ శిల్పానికి చాలా తక్కువ వెల కట్టి ఇచ్చారనీ కూడా వసారే రాశాడు. ఆవిడ చర్చి పని వదిలేసి రాగిరేకుల మీద చెక్కడానికి మళ్ళింది. 1530లో 5వ ఛార్లెస్ చక్రవర్తికి కిరీటం పెట్టడానికి బొలోన్యా వచ్చిన పోపు 7వ క్లెమెంట్, ఆవిడ పేరు విని కబురు చేశాడట. ఆ వారంలోనే ఆవిడ పోయింది. ఆస్పత్రి తాలూకు శ్మశానంలో పాతిపెట్టారు.

వసారి మీద కోపం తెచ్చుకోవడం తేలికే. కానీ ఆయన ఒక చీటీ రాసిపెట్టాడు. లోపాలతో, పుకార్లతో సహా రాశాడు గానీ, పేరు రాశాడు. అది లేకపోతే ప్రొపర్జియా కూడా "ఎవరో ఊరికే కూచోలేక చేసింది" లోకి కలిసిపోయేది. నేను మా ఇంట్లో ఆ పాటి పని చెయ్యలేదు.

ఈ కథ చదివి "చూశారా, టెంకల దగ్గరే ఆగకుండా పాలరాయి దాకా ఎదిగింది" అని మెచ్చుకునే వాళ్ళున్నారు. నాకది నచ్చదు. టెంక ఒకటో తరగతి, పాలరాయి బి.ఏ. కాదు. చిన్న పనిని చిన్నదన్నందుకే మెచ్చుకోవడం ఎంత తప్పో, చిన్నదన్నందుకే దాటిపోవలసిన మెట్టు అనుకోవడమూ అంతే తప్పు. "పిట్ట కొంచెం, కూత ఘనం" అంటాం. మెచ్చుకోలే, కాదనను. కానీ ఆ మాట అనేవాళ్ళ కళ్ళు పిట్ట కొలత మీద ఉంటాయి, కూతని ఎవరు విన్నారు? ముద్దొస్తోంది అన్నది కూడా అలాంటిదే. ముద్దొచ్చేదానికి వెల కట్టక్కర్లేదు, తప్పులు చూపక్కర్లేదు, పేరు అడగక్కర్లేదు. మన వడియాలూ, ముగ్గులూ, క్రోషియా అల్లికలూ ఆ ఒక్క మాట కిందే చెల్లిపోయాయి.

కాబట్టి ముద్దు మాట పక్కన పెట్టి, అత్తయ్య పనిని పనిగా చూసి చెప్తాను. బుట్ట నైపుణ్యానికి నిలబడుతుంది. పిడి దారమంత సన్నం, ఎక్కడా వంకర లేదు. కానీ అలాంటి బుట్ట ఓపికున్న ఎవరైనా చెక్కవచ్చు. వేంకటేశ్వరస్వామి బాగా రాలేదు. శంఖమూ చక్రమూ కిరీటమూ అన్నీ రావాలన్న తాపత్రయంలో మొహం చెదిరిపోయింది. చెప్తే గానీ తెలియదు. తాబేలు ఫరవాలేదు. పిల్లి మాత్రం వేరు. ఖుబానీ పిక్క నున్నగా ఉంటుంది గానీ, ఒక అంచున గట్టు లాంటిది తేలి ఉంటుంది. ముడుచుకు పడుకున్న ఆ పిల్లికి వెన్నెముక అదే. ఆవిడ దాన్ని చెక్కలేదు, ముట్టుకోలేదు కూడా. చెవులు రెండూ, ముడిచిన కాలూ, ఒంటి చుట్టూ తిప్పుకున్న తోకా మటుకు గీరి వదిలేసింది. మూడొంతుల పిక్క అలాగే ఉంది. అయినా చేతిలోకి తీసుకుంటే లేచి పోతుందేమోనని మెల్లిగా పట్టుకుంటాం. వెయ్ ష్యూయీ చూసి ఉంటే పడవ పక్కన ఈ పిల్లికీ ఓ పేరా ఇచ్చేవాడని నా నమ్మకం.

ఇదంతా అత్తయ్యకి చదివి వినిపించాను. స్వామి బాగా రాలేదన్న చోట తలూపింది. "ఆ పిక్కకి స్వామి పట్టడే. నాకు అప్పుడే తెలుసు. మొక్కుకున్నానని చెక్కాను" అంది. పిల్లి దగ్గర ఏమీ అనలేదు. ప్రొపర్జియా కథ మాత్రం రెండోసారి చదివించుకుంది. "తక్కువ ఇచ్చారా? ఎంత ఇచ్చారుట?" అని అడిగింది.

"అది రాయలేదు అత్తయ్యా."

"అదే రాయాల్సింది" అంది.

భోగినాడు పెట్టిన చీటీలు కనుమ వరకూ ఉంటాయి గనక, మర్నాడే ఇంకో చీటీ రాశాను. "ఖుబానీ పిక్కల మీద చాకుతో చెక్కడం" అని, కింద ఆవిడ పూర్తి పేరు. ఇంటిపేరు దగ్గర ఆగి, "పుట్టింటిది రాయనా, అత్తింటిదా?" అని అడిగాను.

"పిల్లికి ఇంటిపేరెందుకే" అని నవ్వింది గానీ, కాసేపాగి, "మీ మామయ్య చాకు కదా, ఆయనదే రాయి" అంది.

రాశాను. దూది డబ్బాని కింది మెట్టు మీంచి తీసి కొండపల్లి బొమ్మల మెట్టు మీద, నడుమ పెట్టాను. అందరికీ బాగా కనిపించాలని మావారి భూతద్దం కూడా పక్కన పెట్టాను. సాయంత్రం పేరంటాళ్ళు వచ్చేసరికి భూతద్దం లేదు. వెతికితే అత్తయ్య దిండు కింద ఉంది.

"తీశావేం?" అన్నాను.

"తోక దగ్గర చాకు జారింది. అది కనిపిస్తోంది" అంది. "వచ్చే ఏటికి ఇంకోటి చెక్కుతాను, అప్పుడు పెట్టుకో."